ఒక్క పగట్లో ఎత్తిపోతల!

జలపాతం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది సినిమా పాట. హీరోయిన్ పల్చటి చీర కట్టుకుని బండల మీద గెంతుతూ ఉంటుంది. ఆవిడ చేతిలో టిఫిన్ క్యారియర్ ఉండదు. చంకలో పిల్లాడుండడు. "అమ్మా, అర్జెంటు!" అని కొంగు లాగేవాళ్ళుండరు. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి పాలు కాచాల్సిన పనీ ఉండదు. కాబట్టి ఆవిడకి ప్లాను అక్కర్లేదు. మనకి కావాలి!

మాది ధారూర్. వికారాబాద్ నుంచి తాండూరు వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి ఒక్క నిమిషం కనిపించి పోయే ఊరు. ఇటు అనంతగిరి, అటు కోటపల్లి ప్రాజెక్టు. ఆదివారం వచ్చిందంటే హైదరాబాద్ కార్లన్నీ మా వైపే. వాళ్ళంతా గాలి మార్పుకి మా దగ్గరికొస్తే, మరి మేమెక్కడికి పోవాలి? మా వీధి చిట్టీ పాట రోజున ఈ ప్రశ్న లేచింది. చిట్టీతో పాటు మనిషికి నెలకు 300 చొప్పున అయిదు నెలలు పక్కన పెడదామన్నది మా పెద్ద వదిన. పదకొండు మందిమి సరేనన్నాం. ఇక ఎక్కడికి అన్నదే మిగిలింది. "నీళ్ళు పడే చోటికి పోదాం అక్కా" అంది మాలో చిన్నది, కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన నవ్వారు. "ఆడవాళ్ళంతా కలిసి ఒక్కరోజులో పోయొస్తరా? అయినట్టే!" తక్కిన పది ఇళ్ళలోనూ కాస్త అటూ ఇటూగా ఇదే మాట. దాంతో మాకొక సంగతి అర్థమైంది. మగవాళ్ళు వెళ్ళి బండి చెడిపోయి అర్ధరాత్రి ఇల్లు చేరితే అదొక కథ, నలుగురికీ చెప్పుకుని నవ్వుకుంటారు. మేం ఒక్క గంట ఆలస్యమైతే చాలు, మళ్ళీ ఏ ఇంట్లోనూ గడప దాటనివ్వరు. అందుకే ఈ ప్రయాణం సంగతి అయిదు నెలలు పరీక్షకి చదివినట్టు చదివాం. చదివినదాంట్లో కొంత మీకూ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

ముందు తిరుగు దారి

చాలామంది ప్రయాణం లెక్క పొద్దున్నించి మొదలుపెడతారు. నాలుగింటికి లేవాలి, అయిదింటికి బయల్దేరాలి... ఇలా. ఒక్కరోజు యాత్రకి ఆ లెక్క పనికిరాదు. రాత్రి ఇంట్లో ఎన్నింటికి ఉండాలో ముందు రాసుకుని అక్కణ్ణించి వెనక్కి రావాలి. మేం రాసుకున్నది ఎనిమిదిన్నర. బండి రోడ్డు మీద ఎంత వేగంగా పోయినా, టీలకి, టోల్ గేట్లకి, పిల్లల వాంతులకి ఆగడాలు కలుపుకుంటే సగటున గంటకు 45 కిలోమీటర్లకి మించదు. కావాలంటే మీ పాత ప్రయాణం దేన్నైనా గుర్తు చేసుకుని లెక్క చూడండి. చీకటి పడేలోగా పెద్ద రోడ్లు దాటేయాలంటే తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడింటికి మొదలవ్వాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, మూడింటికి వెనక్కి తిరగాలంటే 250 కిలోమీటర్లే మా గిరి. అది దాటిన జలపాతం ఎంత అందమైనదైనా మాది కాదు!

ఈ గిరి గీసుకోగానే సగం పేర్లు వాటంతట అవే కొట్టుకుపోయాయి. కడెం నది మీది కుంటాల పెద్ద జలపాతమే. 45 మీటర్ల ఎత్తు. కానీ ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ దగ్గర. ములుగు జిల్లా వాజేడు దగ్గరి బొగత అయితే హైదరాబాద్ నుంచే అయిదారు గంటలు. పెన్నా నది కొండల్ని కోసుకుంటూ పోయిన గండికోట లోయ చూడాలని నాకెప్పట్నించో కోరిక. అది ఉదయం, సాయంత్రం ఎండలో చూడాల్సిన చోటు. రాత్రి ఉండకుండా వెళ్ళడం వృథా. నల్లమలలోని మల్లెలతీర్థం కొంచెం దగ్గరే గానీ అక్కడ మూడు వందల యాభై దాకా మెట్లు. దానికి తోడు శ్రీశైలం అడవి రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లని పోనివ్వరు.

దగ్గర్లో ఏమీ లేదా అంటే ఉంది. తాండూరు దాటి కర్ణాటకలోకి వెళ్తే చించోళి అడవి. ఆ అడవిలోనూ ఒక జలపాతం ఉంది. దాని పేరు కూడా ఎత్తిపోతే! సరిహద్దులు తర్వాత గీసుకున్నాం గానీ పేర్లు అంతకుముందే పెట్టేసుకున్నారు మన పెద్దవాళ్ళు. కానీ అది వానల్ని నమ్ముకున్న నీళ్ళు, పైగా వన్యప్రాణుల అభయారణ్యం. మొదటి ప్రయాణానికే ఖాయం కాని చోటు వద్దన్నారు.

చివరికి నిలిచింది నాగార్జునసాగర్ దగ్గరి ఎత్తిపోతల. సాగర్ డ్యామ్ నుంచి 11 కిలోమీటర్లు. వికారాబాద్, చేవెళ్ళ మీదుగా ఔటర్ రింగు రోడ్డెక్కి, సాగర్ రోడ్డు దగ్గర దిగి, ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా పోవాలి. సరిగ్గా మా గిరి అంచున, ఇంచుమించు 250 కిలోమీటర్లు.

మెట్లెన్ని?

దీనికి ఓటు పడటానికి అసలు కారణం మా అత్తమ్మ. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళు సహకరించవు. ఆవిణ్ణి అడిగే ఉద్దేశం ఎవరికీ లేదు. తనే వచ్చి కూర్చుంది. "అన్నీ జూసిన బిడ్డా. కిష్ణమ్మను మాత్రం జూడలే. నేను గూడ వస్త."

ఇలాంటప్పుడు మనం చేసే పని ఏమిటంటే, పెద్దవాళ్ళని తీసుకెళ్ళి బండిలో కూర్చోబెట్టి మనం చూసిరావడం. అలా అయితే వాళ్ళు ఇంట్లోనే సుఖంగా ఉంటారు కదా! అందుకని ఏ జలపాతం గురించి అడిగినా మా మొదటి ప్రశ్న "మెట్లెన్ని?" కుంటాలలో నాలుగు వందలకు పైనే అన్నారు. ఎత్తిపోతలలో అడుక్కి దిగాలంటే మెట్లున్నాయి గానీ, దిగక్కర్లేదు. టూరిజం వాళ్ళ ఆవరణలోంచే లోయకి అడ్డంగా ఎదురుగా జలపాతం మొత్తం కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి, గర్భిణులకి ఇంతకన్నా మంచి జలపాతం నాకు తెలిసి మన దగ్గర లేదు.

బస్సులో పోతే డబ్బు మిగులుతుంది కదా అన్నారు కొందరు. నిజమే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. అయితే ధారూర్ నుంచి వికారాబాద్, అక్కణ్ణించి హైదరాబాద్, మళ్ళీ సాగర్ బస్సు... టిక్కెట్టు లేకపోయినా పొద్దు ఖర్చవుతుంది. ఒక్క రోజుకి కుదరదు. రెండు రోజులు ఉండగలిగినవాళ్ళు మాత్రం తప్పకుండా అలాగే వెళ్ళండి.

మేం పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. పెద్దవాళ్ళం పదకొండు మందిమి, మా అత్తమ్మ, పిల్లలు ముగ్గురు. ఇక్కడొక మాట. ఎత్తిపోతల ఆంధ్రప్రదేశ్‌లో, పల్నాడు జిల్లాలో ఉంది. తెలంగాణ అద్దె బండికి ఆ రాష్ట్రం పర్మిట్ ఉండాలి. బండి మాట్లాడేటప్పుడే "పర్మిట్ ఎవరు కడతారు?" అని అడిగేయండి. లేకపోతే సాగర్ దాటాక రోడ్డు మీద నిలబడి ఆ బేరం ఆడాల్సొస్తుంది.

పైన ఎక్కడ వాన?

ఇప్పుడు చెప్పబోయేది భయపెట్టడానికి కాదు. జలపాతం, లోయ అంటే మన కళ్ళు ముందున్న నీళ్ళనే చూస్తాయి. ప్రమాదం మాత్రం వెనకనుంచి వస్తుంది. అది తెలియకపోతే ఎంత మంచి ప్లానూ నిలవదు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది లోయలో ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ళతో వెళ్ళిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వాళ్ళు నిలబడ్డ చోట వాన లేదు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. ఆ పిల్లల తల్లులు టీవీల ముందు కూర్చుని నదిని చూసిన రోజులు మనలో చాలామందికి గుర్తే. 2023 జులై 26న ములుగు జిల్లా వీరభద్రవరం అడవిలోని ముత్యాలధార జలపాతానికి వెళ్ళినవాళ్ళు ఎనభై మంది దాకా తిరిగి రాలేక అడవిలోనే చిక్కుకుపోయారు. పొద్దున నడిచి దాటిన వాగు సాయంత్రానికి పొంగింది, అంతే. రక్షక దళాలు వెళ్ళి రాత్రికి రాత్రి వాళ్ళని బయటికి తెచ్చాయి. పొద్దున్నే దాటిన వాగు! తిరుగు దారి ముందు చూసుకోవాలనడంలో ఇదీ ఒక భాగం. దారిలో వాగు ఉంటే అది సాయంత్రం ఎలా ఉంటుందో అడిగి దాటాలి.

అంతదాకా ఎందుకు, మా కోటపల్లి ప్రాజెక్టులోనే 2023 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో ఒకే కుటుంబంవాళ్ళు నలుగురు మునిగిపోయారు. అక్కడ ప్రవాహం లేదు. నిలిచిన నీరే. ఒకరిని పట్టుకోబోయి ఒకరు.

అందుకని కొన్ని గుర్తులు నేర్చుకున్నాం. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా పైన వాన పడిందనే. చెప్పులు, సంచులు ఏరుకుంటూ కూర్చోకూడదు. పిల్లల్ని తీసుకుని గట్టుకు, ఎత్తుకు వెళ్ళిపోవాలి. జలపాతం పడేచోట నురగ తెల్లగా ముచ్చటగా ఉంటుంది. అందులో సగం గాలి. నీళ్ళు తేల్చినట్టు నురగ మనిషిని తేల్చదు. ఈత వచ్చినవాళ్ళూ అక్కడ మునుగుతారు. తడి చీర సంగతి మనకి చెప్పక్కర్లేదు, మోకాళ్ళకి చుట్టుకుని అడుగు పడనివ్వదు. ఎవరైనా నీళ్ళలో పడితే మాత్రం ఆ చీరే ఆధారం. అయిదున్నర మీటర్ల పొడవు. కొసకి ముడి వేసి, గట్టు మీద బోర్లా పడుకుని విసరాలి. వెనక ఇద్దరు కాళ్ళు పట్టుకోవాలి. దూకకూడదు. ఎంత ప్రాణమైన బిడ్డ అయినా సరే, ఈత రాని తల్లి దూకితే రెండు ప్రాణాలవుతాయి. ఆ వెంటనే 112కి ఫోను.

రద్దు చేసే హక్కు ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి. మేం మా టీచరమ్మకి ఇచ్చాం. ఆవిడ వద్దంటే వద్దే, చర్చ లేదు. ఆ హక్కు వాడాల్సి వచ్చింది కూడా. మొదట అనుకున్నది 2025 సెప్టెంబరు 27, శనివారం. పిల్లలకి దసరా సెలవులు. బతుకమ్మ రోజులు కాబట్టి ఒక సాయంత్రం ఆట పోతుందని సణుగుతూనే ఒప్పుకున్నారు అందరూ. ముందురోజు వాన. అనంతగిరి మీద మబ్బు దిగి కూర్చుంది. వాతావరణశాఖ హెచ్చరికలు. సాయంత్రం అయిదింటికి టీచరమ్మ "వద్దు" అంది. అప్పటికి పులిహోరకి చింతపండు నానింది. బండికిచ్చిన అడ్వాన్సు వెయ్యి రూపాయలు పోయింది. ఇళ్ళలో ఎకసెక్కాలు... అవి అచ్చు వెయ్యలేను. ఆ రాత్రి గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే మూసీ పొంగి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చాయి. పొద్దున టీవీలో ఆ బొమ్మలు చూస్తూ మా ఆయన ఏమీ అనలేదు. టీ ఇంకో కప్పు అడిగారు.

సద్దిమూట గొడవ

అక్టోబరు 11కి మార్చుకున్నాం. రెండో శనివారం. ఆదివారం అంత జనం ఉండరు, ఉద్యోగాలవాళ్ళకి సెలవు. కార్తీకంలో అయితే ఉసిరిచెట్టు కింద వనభోజనం కూడా కలిసొచ్చేది గానీ, అప్పుడు సాగర్ దారి నిండా జనం. పైగా నవంబరులో మా ధారూర్ మెథడిస్టు జాతర. ఊళ్ళో బండి దొరకదు, ఇళ్ళ నిండా చుట్టాలు.

వంట దగ్గర మాత్రం గొడవే అయింది. పెద్ద డబరా నిండా బగారన్నం, కూర, పెరుగు తీసుకెళ్దామని సగం మంది. నేను ఒప్పుకోలేదు. ఒక్కసారి ఆలోచించండి. డబరా తీసుకెళ్తే అది దించేదెవరు? వడ్డించేదెవరు? "ఇంకొంచెం వేసుకోండి" అని నిలబడి, చివర్లో అడుగంటింది తిని, ప్లేట్లు ఏరి, గిన్నెలు కడిగేది ఎవరు? మనమే. జలపాతానికి వీపు పెట్టి కూర్చుని గిన్నె తోముకోవడానికి 250 కిలోమీటర్లు పోవాలా? చివరికి ఒప్పందం ఇదీ: ఎవరి డబ్బా వాళ్ళది. ఎవరూ ఎవరికీ వడ్డించకూడదు. జొన్నరొట్టెలో, సజ్జరొట్టెలో, వెల్లుల్లి కారం, పల్లీల పొడి, ఎర్రగడ్డ. కావాలనుకున్నవాళ్ళకి పులిహోర. మా అత్తమ్మకి మాత్రం తాండూరు కందిపప్పు ముద్దగా వండి రొట్టెలో చుట్టాను. ఆ పప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెబితే, "గుర్తింపు లేనప్పుడు గూడ గిట్లనే ఉండె" అంది.

నిజానికి ప్రయాణం ప్లానుకన్నా ఇంట్లో లేని పద్నాలుగు, పదహారు గంటల ప్లానే పెద్దదయింది. మామయ్య మాత్రలు పొద్దునవి ఒక పొట్లం, రాత్రివి ఒకటి. పాలు ఎంతసేపు కాచాలో కాయితం మీద. సిలిండరు ఆపడం, మోటారు వెయ్యడం. ఒకావిడ ఫ్రిజ్ తలుపుకి నాలుగు చీటీలు అంటించి వచ్చింది. ఈ చీటీలు ఒకసారి రాస్తే చాలు, పారేయకండి. పుట్టింటికి వెళ్ళేటప్పుడు కూడా పనికొస్తాయి.

చెప్పుకోవడానికి మొహమాటపడే సంగతి

దారిలో బాత్రూములు! ప్రయాణమంటే మనం ముందురోజు రాత్రినుంచే నీళ్ళు తాగడం మానేస్తాం. తలనొప్పి, కళ్ళు తిరగడం, వచ్చాక మూత్రంలో మంట. ఇదంతా "ప్రయాణం పడలేదు" అని చెప్పుకుంటాం. పడనిది ప్రయాణం కాదు, నీళ్ళు తాగకపోవడం. రెండు గంటలకొకసారి బండి ఆగాలని డ్రైవరుకి ముందే చెప్పాం. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగే నీళ్ళు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. డీజిలు పోయించుకోకపోయినా అడగొచ్చు. మేం ఆగిన ఒక బంకులో ఆడవాళ్ళ వైపు తాళం. తాళంచెవి ఉన్నవాడు టిఫినుకి వెళ్ళాడట! పదకొండు మందిమి ఆఫీసు గది ముందు నిలబడ్డాం, ఏమీ అనకుండా. మూడు నిమిషాల్లో తాళంచెవి దొరికింది. ఒక్కరే అడిగితే దొరికేదా? ఏమో! ఒక సబ్బు, మగ్గు, పాత పేపర్లు, ప్యాడ్లు, ఒక మార్పు చీర బండిలో పెట్టుకోండి. ఈ సంచి మీద నా పేరు రాసి ఉన్నా ఆ రోజు వాడనివాళ్ళు లేరు.

చంద్రవంక లోయ

నాలుగింటికి ధారూర్‌లో బండెక్కితే చేవెళ్ళ మర్రిచెట్ల దగ్గరే ఇంకా చీకటి. ఔటర్ మీద తెల్లారింది. తొమ్మిదిన్నర దాటాక ఎత్తిపోతల చేరాం.

నక్కల వాగు, తుమ్మల వాగు కలిసిన చంద్రవంక ఇక్కడ 70 అడుగుల కిందికి దూకుతుంది. యతుల తపోస్థలం అన్న మాటే ఎత్తిపోతల అయిందని కొందరంటారు. నాకు మాత్రం ఎత్తి పోసినట్టే కనిపించింది. బిందెతో పోసినట్టు ఒకచోట, చెంబుతో పోసినట్టు ఒకచోట, మధ్యలో దారాల్లాగా. ఒక్క ధార కాదు, చాలా ధారలు. పడ్డ నీళ్ళు కింద గుండంలో తిరిగి, రెండువైపులా నిలువు రాతిగోడల మధ్యనుంచి మూడు కిలోమీటర్లు పోయి కృష్ణలో కలుస్తాయి. పక్కనే అటవీశాఖవారి మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది. గుండంలోనూ మొసళ్ళుంటాయి కాబట్టి స్నానాల మాట ఎత్తకండి.

అత్తమ్మ కటకటాలు పట్టుకుని చాలాసేపు గోడల్నే చూసింది. "తాండూరు బండలు పేర్చినట్టున్నది" అంది. ఆవిడ చూపు సరైనదే. ఇలాంటి చోట్ల రాయి పొరలు పొరలుగా ఉంటుంది. చాలా జలపాతాలకి పుట్టుక అదే. పై పొర గట్టిది, కింది పొర మెత్తనిది అయితే నీళ్ళు మెత్తనిదాన్ని ముందు తొలుస్తాయి. పై రాయి ఇంటి చూరులా మిగిలిపోతుంది. ఆసరా లేక ఒకనాడు అదీ విరిగి పడుతుంది. అలా జలపాతం వేల ఏళ్ళుగా వెనక్కి వెనక్కి నడుస్తుంది. అది నడిచిన దారే లోయ. జలపాతం పై అంచున నిలబడి ఫోటో దిగేవాళ్ళు నేల మీద నిలబడ్డామనుకుంటారు. ఒక్కోచోట అది చూరు! ఇది చెప్పాక మాతో వచ్చిన పిల్లలు కటకటాల దగ్గరనుంచి కదల్లేదు. "వెళ్ళొద్దు" అని వందసార్లు చెప్పడంకన్నా ఎందుకో ఒక్కసారి చెప్పడం నయం.

అక్కడ పన్నెండు దాకా ఉన్నాం. ఎవరూ ఎవరికీ వడ్డించలేదు. ఒకావిడ రొట్టె తింటూ, "కూసోని, వేడిగా లేకపోయినా, కడుపునిండ తిన్న" అంది. అంతకుమించి ఆవిడ ఏమీ అనలేదు.

వెనక్కొస్తూ సాగర్ దగ్గర ఆగాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్, 26 గేట్లు. అత్తమ్మ కృష్ణమ్మకి దండం పెట్టుకుంది. అప్పుడు చెప్పాను ఆవిడకి. మా కోటపల్లి వాగు నీళ్ళు కాగ్నాలో కలుస్తాయి. కాగ్నా తాండూరు మీదుగా కర్ణాటకకు పోయి మల్ఖేడ్ కోట పక్కనుంచి భీమలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది. జూరాల, శ్రీశైలం దాటి ఆ నీళ్ళే ఇక్కడికి. అదే అనంతగిరిలో పుట్టిన మూసీ మాత్రం తూర్పుకి తిరిగి, హైదరాబాద్ మీదుగా పోయి, సాగర్ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒకే కొండ మీది వాన, ఇటు పడ్డది ఒక దారి, అటు పడ్డది ఇంకో దారి. "అయితే మన ఊరి నీళ్ళే జూడ వస్తినా ఇంత దూరం!" అని నవ్వింది అత్తమ్మ. మళ్ళీ ఇంకో దండం పెట్టింది.

ఇక్కడే చిక్కొచ్చింది. లాంచీలో నాగార్జునకొండ పోదామంది మా చిన్నమ్మాయి. నది మధ్య దీవి, బౌద్ధ శిల్పాల మ్యూజియం. శుక్రవారం సెలవు గానీ ఆ రోజు శనివారం, తెరిచే ఉంది. "ఇంత దూరమొచ్చి... మళ్ళీ ఎప్పుడొస్తమక్కా?" లాంచీకి రానుపోను, మ్యూజియం చూడటం కలిపి కనీసం మూడు, నాలుగు గంటలు. గడియారంలో రెండు. చేతులెత్తమంటే ఏడుగురు పోదామనే ఎత్తారు! అయినా టీచరమ్మ మూడింటి మాట గుర్తు చేసింది. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. ఇబ్రహీంపట్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తనకి ఆ సాగర్ నీళ్ళ మీద పోవడమే అసలు ప్రయాణమట. అది ఒక్క పగటికి పట్టలేదు. ఈ లెక్కలో పోయేది ఇదే. పోయిందని ఒప్పుకోవాలి, ఫరవాలేదులే అని బుజ్జగించడం నాకు చేతకాలేదు.

ఔటర్ దిగేసరికి చీకటి. చేవెళ్ళ రోడ్డు ఏళ్ళ తరబడి రెండు వరుసలుగానే ఉండిపోయిన రోడ్డు, ఎదురుగా కంకర టిప్పర్లు. డ్రైవరు వేగం పెంచబోతే, "మాకు తొందర లేదు తమ్ముడూ, టైముకే ఉన్నం" అంది పెద్ద వదిన. తొందర లేకపోవడం కోసమే కదా మూడింటికి కదిలింది. నెల తిరక్కముందే, 2025 నవంబరు 3న పొద్దున, అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సు మీదికి కంకర టిప్పరు దూసుకొచ్చింది. ఆ బస్సులో పోయినవాళ్ళు మా పక్క ఊళ్ళవాళ్ళు. వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు, టైముకే బయల్దేరారు. మన ప్లానుకి లొంగనివీ ఉంటాయి.

మేం ఇల్లు చేరింది ఎనిమిదీ ఇరవైకి. మామయ్య రాత్రి పొట్లం వేసుకున్నారు. పాలు పొంగి స్టవ్ మీద అట్ట కట్టి ఉన్నాయి.

లెక్కలు చూస్తే మనిషికి 1500 పోగేసినదాంట్లో మొత్తం మీద 640 రూపాయలు మిగిలింది. పంచుకోకుండా పెద్ద వదిన దగ్గరే ఉంచాం. ఆవిడ ఇప్పుడు రెండు పనుల్లో ఉంది. ఒకటి, ఈ వానలకి చించోళి అడవిలో నీళ్ళెప్పుడు పడతాయో తాండూరు చుట్టాల్ని వాకబు చెయ్యడం. రెండోది, సాగర్‌లో ఒక రాత్రికి గదికెంతవుతుందో కనుక్కోవడం. లాంచీ పొద్దున్నే ఎన్నింటికో కూడా అడగమని మా చిన్నమ్మాయి కాయితం మీద రాసిచ్చింది.